మీనమేషాలు

సోమవారం నుంచి శుక్రవారం దాకా చేపలు లెక్కపెడతాను.
ఒందర్రోవా రేవు పక్క డబ్బాల ఫ్యాక్టరీలో
ఏడు నెలలు ఉప్పులో మాగిన ఆంచోవీని
బొటనవేలితో చీల్చి, ముల్లు లాగి, పొట్టు గీకి
పక్కపక్కన పడుకోబెడతాను. డబ్బాకి పన్నెండు.
ఆదివారం సైకిలెక్కి కొండమీదికి పోతాను.
అక్కడ గొర్రెలుంటాయి.

కాబట్టి గార్బీన్యె మీనమేషాలు లెక్కపెడుతోందని
ఎవరన్నా అంటే నాకు కోపం రాదు.

ఇన్యౌత్ కొట్టు అద్దం వెనక ఫిబ్రవరి నుంచీ నిలబడి ఉంది.
నలుపు కాదు, తడిసిన పలకరాయి రంగు.
కార్బన్ ఒళ్ళు, ఆరు కిలోల ఎనిమిది వందలు.
తొమ్మిది వేల నాలుగు వందల యూరోలు.
నా పాత ఉక్కుది పది కిలోలు.
తేడా మూడు కిలోల రెండొందలు.
మూడు కిలోలంటే ఏమిటో నన్నడగండి,
తక్కెడ అక్కర్లేదు, అరచేయి చాలు:
ఒక చిన్న పెట్టెడు చేప.
దాన్ని ఇన్నేళ్ళూ ట్రబాకువా కనుమ మీదికి
ఊరికే మోసుకెళ్ళి ఊరికే దించుకొచ్చానా?

వంటింటి సొరుగులో రెండు కాగితాలు.
ఒకటి ఇన్యౌత్ రాసిచ్చింది.
రెండోది మార్కినా పళ్ళ డాక్టరుది:
ఎడమవైపు మూడు, ఎముకలో మరలు, పైన పింగాణీ.
మొత్తం దాదాపు అంతే.
నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకోవడం అలవాటైపోయింది.
సైకిలు మీద కుదరదు,
అందుకే అక్కడ ఒంటరిగా నవ్వుతాను.

అక్క కూతురు నహియా అంది:
"యాభై ఏడేళ్ళకి రేసు బండేమిటి పిన్నీ,
మోటారుది కొనుక్కో, హాయిగా పోతావు."
హాయి కోసం ఎవరు పోతున్నారు?

నిన్న ఇన్యౌత్ దాన్ని బయటికి తీశాడు.
"ఓ పూట తిప్పి చూడు. కొనకపోయినా పర్లేదు."
అమ్మేవాళ్ళంతా ఆ మాటే అంటారు.
నిమ్మచెక్కతో మూడుసార్లు చేతులు రుద్దుకుని
అప్పుడు ముట్టుకున్నాను.

మార్కినా దాటి రోడ్డు పైకి లేచింది.
చప్పుడే లేదు.
నా పాతదాని కిర్రు కింద
నా మోకాలి కిర్రు ఇన్నాళ్ళూ దాక్కుందని తెలిసింది.
ఎప్పుడూ కాలు దించి గొంతు తడుపుకునే వంపు,
దాటిపోయాక గుర్తొచ్చింది.
అదేం లాగలేదు నన్ను. లాగింది నా కాళ్ళే.
అది అడ్డం రాలేదు, అంతే.

కొండ తలమీద మంద అడ్డంగా దాటుతోంది.
బ్రేకు నొక్కి, ఒక కాలు దించి, లెక్కపెట్టాను,
అలవాటు కదా. నూట పదకొండు.
కాపరి బిత్తోర్ వచ్చి బండిని ఒంటిచేత్తో లేపి చూశాడు.
"పది రోజుల పిల్లంత."
ధర చెప్పాను.
మంద వైపు చూస్తూ పెదాలు కదిపాడు చాలాసేపు.
"మొత్తం మంద కాదులే. సగానికి కాస్త ఎక్కువ."
"సగం మంద నెక్కి ఇంత తొందరగా పైకి రాగలవా?"
పగలబడి నవ్వాడు. ముందు పళ్ళు రెండే ఉన్నాయి.
నేనూ నవ్వాను.
కాసేపటికి చూసుకుంటే
నా రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉన్నాయి.

దిగేటప్పుడు గాలి నోట్లోకి, సందుల్లోంచి చల్లగా.
పళ్ళెక్కడికి పోతాయి,
పోయేవి ఎప్పుడో పోయాయి.

కొట్టు ముందు ఇన్యౌత్ గుడ్డ పట్టుకుని వంగాడు.
ముందు చక్రం నిండా గొర్రె పెంటికలు,
ఆ పలకరాయి రంగు మీద కూడా నాలుగు చుక్కలు.
"తుడవకు," అన్నాను.
"ఇంటికెళ్ళి నేనే కడుక్కుంటాను."